పసిఫికా చన్నీటిలో రెండేళ్లు: 4/3 వెట్‌సూట్ సమీక్ష

విశాఖపట్నం రుషికొండ దగ్గర సముద్రం జనవరిలో కూడా దాదాపు 25 డిగ్రీల వెచ్చదనంతో ఉంటుంది కనుక, అక్కడ సర్ఫింగ్ చేసేవారికి ఎండ నుంచీ బోర్డు రాపిడి నుంచీ కాపాడే పలుచని చొక్కా సరిపోతుంది. ఆ అలవాటుతో, అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణాన ఉన్న పసిఫికాలో ఒక జూన్ ఉదయం అరువు తెచ్చుకున్న, ఇంతకన్నా పలుచనైన 3/2 వెట్‌సూట్‌తో (చన్నీటిలో ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు తొడుగు) నీటిలోకి దిగిన నేను, ఇరవై నిమిషాలు తిరగకుండానే వేళ్లు కొంకర్లు పోయి ఒడ్డుకు చేరాను. ఆ తరువాత దాదాపు 300 డాలర్లకు కొన్న 4/3 సూట్‌ను రెండేళ్లుగా వాడుతున్నాను.

4/3 అంటే ఛాతీ, వీపు భాగాల్లో 4 మిల్లీమీటర్లు, చేతులకూ కాళ్లకూ 3 మిల్లీమీటర్ల మందం ఉన్న నియోప్రీన్ రబ్బరు. వెచ్చదనాన్ని నిలిపేది ముఖ్యంగా ఆ రబ్బరులో చిక్కుకున్న వాయు బుడగలే. లోపలికి చేరిన కొద్దిపాటి నీరు కదలకుండా ఉంటే ఒంటి వేడికి తానే వెచ్చబడుతుంది. ప్రతి కెరటానికీ మారిపోతూ ఉంటే మాత్రం ఎంత మందపు సూటయినా నిరుపయోగం. అందువల్ల నడుము వెనుకా, చంకల కిందా, మెడ చుట్టూ సూట్ ఒంటికి అతుక్కున్నదా లేదా అన్నదే నేను మొదట చూస్తాను. పొట్టిగా, కాస్త బొజ్జతో ఉండే నాకు మామూలు మీడియం నడుము దగ్గర సంచిలా ఉబ్బింది. పొట్టివాళ్ల కోసం చేసే ‘మీడియం షార్ట్’ కొలత అతికినట్లు సరిపోయింది. మనవాళ్లలో చాలామంది ఈ షార్ట్ కొలతలు ఉన్నాయని తెలియక వదులు సూట్లతో అవస్థ పడుతున్నారు.

ఈ తీరంలో సూట్ ఎంపికకు ఋతువుల పేర్లు పనికిరావు. ఏప్రిల్, మే నెలల్లో తీరం వెంబడి వాయవ్య గాలులు బలంగా వీస్తాయి. భూభ్రమణ ప్రభావంతో పైనీరు సముద్రం లోపలి వైపు జరిగిపోగా, ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లని నీరు ఉబికి వస్తుంది. ఆ నెలల్లో నీరు 10–12 డిగ్రీల మధ్య ఉంటుంది, అంటే డిసెంబరు కన్నా చల్లగా ఉండే రోజులే ఎక్కువ. గాలులు తగ్గే సెప్టెంబరు, అక్టోబరులలో 14–15 డిగ్రీలకు చేరుతుంది. జులైలో తీరానికి దూరంగా, లోపలి వైపున్న శాన్‌హోసేలో చెమటలు పట్టే ఎండ కాస్తున్నప్పుడు కూడా ఇక్కడ పొగమంచు కమ్ముకుని ఉంటుంది కనుక, ఇంటి దగ్గరి వాతావరణాన్ని బట్టి కాక, పసిఫికాకు దక్షిణాన ఉన్న హాఫ్‌మూన్ బే బయట తేలుతున్న 46012 నంబరు ప్రభుత్వ బోయ్ (సముద్రంలో కొలతలు తీసే తేలే పరికరం) చూపే నీటి ఉష్ణోగ్రతను చూసి బయలుదేరడం మంచిది.

ఈ లెక్కన 4/3 ఒక్కటే నాకు ఏడాదంతా సరిపోయింది. వసంతంలో 3 మిల్లీమీటర్ల బూట్లు, గాలి ఎక్కువైన రోజున తలకు హుడ్ తోడు కావాలి. అక్టోబరులో రెండూ ఇంట్లోనే ఉంటాయి. ఛాతీ మీద జిప్ ఉన్న రకం తొడుక్కోవడానికి మొదట్లో పావుగంట పట్టి, పార్కింగ్ స్థలంలో నలుగురికీ వినోదమైనా, వీపు జిప్ గల పాత సూట్‌లాగా వెన్ను వెంట చన్నీటి ధార దిగదు. కుట్లు జిగురుతో అతికి, సూది రబ్బరు మందం దాటి అవతలికి రాకుండా కుట్టినవై ఉండాలి; రెండు వైపులా దారం కనిపించే చదును కుట్టు నీటిని కారనిస్తుంది.

లోపాలూ ఉన్నాయి. పద్నాలుగో నెలలో ఎడమ మోకాలి దగ్గర కుట్టు మీద లోపలివైపు అతికించిన టేప్ ఊడింది. వారంటీ ఏడాదితో ముగిసిందని తయారీదారు చేతులెత్తేయగా, నియోప్రీన్ జిగురుతో నేనే అతికించాను. భుజాల దగ్గర సాగుదల తగ్గి, గంటన్నర దాటాక చేతులు త్వరగా అలసిపోతున్నాయి. ప్రతిసారీ మంచినీటితో కడిగి, తిరగేసి, నీడలో నడుము దగ్గర మడిచి ఆరవేస్తున్నాను కాబట్టి మూడో ఏడు కూడా గడుస్తుందనుకుంటున్నాను. ఇదే రాష్ట్రపు దక్షిణ కొసన ఉన్న శాన్‌డియేగో వైపు వేసవిలో నీరు 20 డిగ్రీల దాకా వెచ్చబడుతుంది కనుక, అక్కడివారు ఆ నెలల కోసం ఇంత మందపు సూట్ కొనవద్దు.