చంద్రగిరి దెయ్యాల నైట్ వాక్‌కి డబ్బు కట్టేముందు ఇది చదవండి

నిన్న రాత్రే వచ్చాం, ఇంకా ఒళ్లు మండుతోంది. తిరుపతిలో అందరి ఫోన్లలో తిరుగుతోందే, కోట దెయ్యాల ప్యాకేజీ, దాని గురించే. తలకు 1,200 చొప్పున నలుగురికి 4,800 ముందే పంపేశాను. కోట సాయంత్రానికే మూసేస్తారని తెలిసీ, రాత్రి లోపలికి తీసుకెళ్తామంటే ఎట్లా నమ్మానో! తప్పు నాదే.

లోపలికి పోనేలేదు. గైడు మమ్మల్ని గేటు బయట నిలబెట్టి, కొండ వైపు టార్చి వేసి, ఎక్కడో విన్న దెయ్యాల బంగళా కథను ఇక్కడి కొండ మీది ఉరికొయ్యకు అంటగట్టాడు. అంతటితో వదిలేసినా ఊరుకునేదాన్ని.

తర్వాత వ్యాన్ మా అమ్మ పుట్టిన పల్లె వైపు తిరిగింది. చెరువు కట్ట కింద పాత దిగుడుబావి. "దీంట్లో పడి చచ్చిన ఆడది మోహినై మగాళ్లని పిలస్తా ఉంటాది" అన్నాడు. ఆ బావిలో పోయిన మనిషి అమ్మకు తెలుసు. నీళ్లకు వచ్చి మెట్టు మీద కాలు జారింది. చిన్నప్పుడు అమ్మకు జడ వేసిన మనిషి. అమ్మ బావి గట్టు పట్టుకుని, "ఆయమ్మ అట్లాంటిది కాదు నాయనా, ఇద్దరు బిడ్డల తల్లి" అంది మెల్లగా.

"పెద్దమ్మా, కథ చెడగొట్టొద్దు. వీళ్లంతా డబ్బులు కట్టి వచ్చినారు."

వెనకాల ఎవరో నవ్వారు. అమ్మ గట్టు మీది చెయ్యి తీసేసి కొంగులో దాచుకుంది. ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు.

మా అవ్వా దెయ్యాల కథలు చెప్పేది. పొలం గట్ల మీద దీపంలా కదిలేది కొరివి దెయ్యమనీ, దాని వెంట పోవద్దనీ, రాత్రిపూట ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడోసారికి గానీ పలకొద్దనీ. చీకట్లో బావుల వైపు పోకుండా మమ్మల్ని కాపాడింది ఆ భయమే. కానీ ఊళ్లో పోయినవాళ్లను ఏనాడూ దెయ్యం చేసి చెప్పలేదు.

డబ్బు వెనక్కి అడిగితే "వ్యాన్ తిప్పినాం కదా" అని నన్ను గ్రూపులోంచి తీసేశాడు.

కోట చూడాలంటే పగలే పోండి. టికెట్ గేటు దగ్గరే కొనుక్కోవచ్చు, రాజమహల్లో పురావస్తు శాఖ మ్యూజియం కూడా ఉంది. ఇట్లాంటివాళ్లకు ముందే మొత్తం కట్టొద్దు, ఎక్కడెక్కడికి తీసుకెళ్తారో రాసివ్వమనండి.

అమ్మ ఈ పొద్దున కాఫీ కూడా ముట్టలేదు.