పోలీసుల జీతం, డ్యూటీ: ఏ దారిలో అడిగితే మేలు?

"కొత్త పీఆర్సీలో మనకేమన్నా ఉంటదా అన్నా?" "వీక్లీ ఆఫ్ ఎప్పుడొస్తది?" మిర్యాలగూడ నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి, గద్వాల నుంచి ఈ రెండు ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. పీఆర్సీ అంటే ప్రభుత్వ ఉద్యోగుల జీతాలు సవరించే కమిషన్. కానిస్టేబుళ్లు అడుగుతున్నారు, వాళ్ల ఇళ్లలోవాళ్లూ అడుగుతున్నారు. వాటి వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. గుర్తింపు ఉన్న పోలీసు సంఘం ద్వారా అడగాలా, హైకోర్టుకు పోవాలా, ఇంట్లోవాళ్లు రోడ్డెక్కాలా, ఎమ్మెల్యేను పట్టుకోవాలా?

మనకు ట్రేడ్ యూనియన్ లేదు, సమ్మె లేదు. 1966 నాటి పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం సంగతి ట్రైనింగ్‌లోనే చెబుతారు. ఢిల్లీ పోలీసుల సంఘం కేసులో 1986లో సుప్రీంకోర్టు కూడా ఆ పరిమితులను సమర్థించింది. అందుకే దారుల సంగతి ఇంత జాగ్రత్తగా చూసుకోవాల్సి వస్తోంది. సర్వీసంతా స్టేషన్లలోనే చేసి రిటైరైన నా లెక్క ఒకటే: మనం అడిగే పని ఎవరి సంతకంతో అవుతుంది? అది తేల్చుకోకుండా ఏ దారి పట్టినా చెప్పులరగడమే.

ముందు జీతం. దీని మీద సంతకం ఆర్థిక శాఖది. డీజీపీ గారికి ఎంత మనసున్నా ఒక్క ఇంక్రిమెంట్ పెంచలేరు. పోయినసారి ఏం జరిగిందో చూడండి. సి.ఆర్. బిస్వాల్ కమిషన్ సిఫార్సు చేసిన ఫిట్‌మెంట్, అంటే మూల వేతనం మీద పెంపు, 7.5 శాతం. 2021 మార్చిలో అసెంబ్లీలో కేసీఆర్ ప్రకటించింది 30 శాతం. ఆ రెండు అంకెల మధ్య జరిగింది ఉద్యోగ, ఉపాధ్యాయ సంఘాల బేరం. అప్పుడే పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు ముగిశాయి, నాగార్జునసాగర్ ఉప ఎన్నిక ముంగిట ఉంది. సమయం కూడా కలిసొచ్చింది. ఆ బేరంలో ముందు నిలబడ్డది టీచర్లు, ఎన్జీవోలు (నాన్‌గెజిటెడ్ ఉద్యోగులు). ఫలం మాత్రం మనకూ అంతే వచ్చింది. కానిస్టేబుల్ స్కేలు 24,280 నుంచి 72,850 అయింది, ఎస్ఐది 42,300 నుంచి 1,15,270. 2023 అక్టోబర్‌లో శివశంకర్ కమిషన్ వేసి 5 శాతం ఐఆర్ (మధ్యంతర భృతి) ఇచ్చినప్పుడూ అంతే, అందరితో పాటే మనకూ.

అంటే ఫిట్‌మెంట్ కోసం పోలీసు సంఘం విడిగా బలం ఖర్చు పెట్టాల్సిన పని తక్కువ. పీఆర్సీ ముందు మనం అడగాల్సింది మన పనికే ప్రత్యేకమైన అలవెన్సులు. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులకు 30 శాతం అదనపు అలవెన్స్ ఇచ్చారంటే పొగలో, దుమ్ములో నిలబడుతున్నారన్న నిర్దిష్టమైన కారణం చూపబట్టే. "పోలీసులు చాలా కష్టపడుతున్నారు" అని రాస్తే ఆర్థిక శాఖలో ఆ వాక్యానికి పైసా రాలదు.

ఇక్కడ ఒక పోలిక చూడండి. 24,280 నుంచి 72,850 అన్న ఆ స్కేలే జూనియర్ అసిస్టెంట్‌కూ ఉంది. ఆయన ఆఫీసు సాయంత్రం ఐదింటికి మూస్తారు, ఆదివారం తెరవరు. మన పోలీసుల సగటు పని రోజుకు 14 గంటలని 2019లో వచ్చిన దేశవ్యాప్త పోలీసింగ్ నివేదికే చెప్పింది. జీతం ఒకటే, గంటలు వేరు. మనకు జరుగుతున్న అసలు అన్యాయం ఈ గంటల దగ్గరే ఉంది. మూడు వేలు పెరిగితే పిల్లల ఫీజుకు సరిపోతుందేమో. బిడ్డ జ్వరంతో పడుకుంటే ఆ పూట ఇంట్లో ఉండటానికి మాత్రం సెలవే కావాలి. అందుకే నన్ను అడిగితే డ్యూటీ, సెలవుల మాటే ముందు. దాని మీద సంతకం చాలా వరకు మన శాఖ లోపలే ఉంది, ఎస్పీ ఆఫీసులో, లేదంటే డీజీపీ ఆఫీసులో.

2024 అక్టోబర్‌లో స్పెషల్ పోలీసు బెటాలియన్ల కుటుంబాలు రోడ్డెక్కిన సంగతి మన నల్గొండ జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు. అన్నెపర్తి పన్నెండో బెటాలియన్ మనదే కదా. సెలవుల విధానం మార్చడంతో మొదలై "ఏక్ పోలీస్", అంటే పోలీసులందరికీ ఒకే విధానం, అన్న డిమాండ్ దాకా పోయింది. ఆ ఆడబిడ్డల బాధ నిజం. వాళ్లు గొంతెత్తబట్టే ఆ సెలవుల ఉత్తర్వును పక్కన పెట్టారు, బెటాలియన్ బతుకు ఎట్లుంటుందో రాష్ట్రానికి తెలిసింది. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ బెటాలియన్ సిబ్బందిలో 39 మంది సస్పెండ్ అయ్యారు, 10 మందిని ఏకంగా డిస్మిస్ చేశారు, అదీ రాజ్యాంగం 311వ అధికరణం కింద, విచారణ లేకుండా. గెలుపు అందరిదీ అయింది, దెబ్బ ఆ కొన్ని ఇళ్ల మీదే పడింది. అంత ధర కట్టే దారిని ఇంకొకరికి చూపించడానికి నాకు నోరు రాదు.

హైకోర్టు సంగతి. 2016లో ఉద్యోగుల సర్వీసు కేసులు వినే అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ పోయాక సర్వీసు కేసులన్నీ నేరుగా అక్కడికే. సీనియారిటీ, ప్రమోషన్, అన్యాయమైన పనిష్మెంట్ లాంటి వాటికి కోర్టే సరైన చోటు. రూలు ఉండి అమలు కాకపోతే కోర్టు చేయిస్తుంది. లేని రూలు పెట్టమంటే "ప్రభుత్వం పరిశీలించాలి" అన్న ఆర్డర్‌తో బయటికొస్తారు.

ఎమ్మెల్యే సిఫార్సు ఒక్కరి ట్రాన్స్‌ఫర్‌కు పనికొస్తుందేమో గానీ స్టేషన్ మొత్తానికి ఒరిగేదేం లేదు.

ఇక నేను గట్టిగా నమ్మే దారి: గుర్తింపు ఉన్న జిల్లా సంఘం ద్వారా, ఎస్పీ గారికి, లెక్కలతో రాసిన కాగితం. "సంఘం ఏం చేస్తది, దండలు వేసి ఫొటోలు దిగుడే" అంటారు చాలామంది. సంఘం చేతికి మనం ఏమిస్తున్నాం? దర్బార్‌లో (అధికారి సిబ్బంది గోడు వినే సమావేశంలో) లేచి "సార్, రెస్ట్ లేదు" అంటే, "సిబ్బంది కొరత ఉంది, చూద్దాం" అని జవాబు వస్తుంది. ఆ జవాబు ఇవ్వడానికి వీల్లేని కాగితం కావాలి.

ఆ కాగితం ముడిసరుకు ప్రతి స్టేషన్‌లోనూ ఉంది. జీడీలో (స్టేషన్ జనరల్ డైరీలో) ఎవరు ఎన్నింటికి డ్యూటీకి వెళ్లారో, ఎన్నింటికి రిపోర్ట్ చేశారో ఎంట్రీ ఉంటుంది. రైటర్ (స్టేషన్ రికార్డులు రాసే సిబ్బంది) వేసే డ్యూటీ చార్ట్ ఉంటుంది. ఒక స్టేషన్‌లో రెండు నెలలవి పక్కపక్కన పెడితే కథంతా అందులోనే కనిపిస్తుంది: రాత్రి సెంట్రీ, తెల్లారి కోర్టు డ్యూటీ, మధ్యాహ్నం సమన్లు, సాయంత్రం బందోబస్తు, అన్నిట్లో అదే కానిస్టేబుల్ నంబరు. చెర్వుగట్టు జాతర, దురాజ్‌పల్లి పెద్దగట్టు, కురుమూర్తి జాతర, పైన వీఐపీ పర్యటనలు. వీటిలో జాతరలన్నీ ముందే తెలిసిన తేదీలు. జాతర తర్వాత ఏ బ్యాచ్‌కు ఎప్పుడు కాంపెన్సేటరీ ఆఫ్ (బదులు సెలవు) అన్నది జాతర ఆర్డర్‌లోనే రాయమని అడగండి. దానికి కొత్త పోస్టులు అక్కర్లేదు, ఆర్థిక శాఖ అక్కర్లేదు, ఎస్పీ సంతకం చాలు.

ఒక జాగ్రత్త. జీడీ, చార్ట్ ఆఫీసు రికార్డు. ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే మీ మీదికే మెమో వస్తుంది. సంఘం ప్రతినిధి రాతపూర్వకంగా ఎస్పీ గారినే అడిగి, వివరాలు తెప్పించుకోవాలి.

ఒకేసారి వారానికో సెలవు అడగొద్దా అంటే, అడగండి. కానీ 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వీక్లీ ఆఫ్ ప్రకటించాక సిబ్బంది కొరతతో అది అన్ని చోట్లా నిలకడగా సాగలేదని గుర్తుంచుకోండి. రాష్ట్రమంతటికీ ఒక ప్రకటన కంటే, రెండు స్టేషన్లలో మూడు నెలలు రొటేషన్ నడిపి చూడమనడం నయం. అక్కడ కేసులు ఆగలేదు, పెట్రోలింగ్ తగ్గలేదు అని తేలితే మూడో స్టేషన్‌కు అడగడం తేలిక.

ఆ కాగితంలోనే రెండో పేజీలో టీఏ (ప్రయాణ భత్యం) బిల్లులు, సరెండర్ లీవ్ (వాడుకోని సెలవులకు ఇచ్చే డబ్బు) బకాయిలు పేరుపేరునా రాయండి: ఏ బందోబస్తు, ఏ తేదీ, పాస్‌పోర్ట్ (బయటి డ్యూటీకి పంపేటప్పుడు ఇచ్చే చీటీ) నంబరు, ఎంత రావాలి, బిల్లు ఏ సీట్లో ఆగింది. డబ్బు విడుదల చేయాల్సింది ఆర్థిక శాఖే అయినా, బిల్లు జిల్లా ఆఫీసులోనే కదలక పడి ఉంటే దాన్ని లేపే బాధ్యత ఎస్పీ ఆఫీసుదే. ట్రెజరీకి చేరినవి ఎన్ని, చేరనివి ఎన్ని అన్నది విడదీసి చూపించండి. కాగితం ఇచ్చిన రోజే రెండో కాపీ మీద ఇన్‌వార్డ్ నంబరు, ముద్ర వేయించుకోండి. నెలకోసారి ఆ నంబరు చెప్పి అడగండి.