ఆరున్నరేళ్లు వాడిన ట్రెక్కింగ్ షూ: కొండ మీద నిలిచింది, కోనసీమలో విడిపోయింది

2018 ఆగస్టులో ట్రెక్కింగ్ షూ ఒకటి కొన్నాను. చీలమండను పూర్తిగా కప్పే రకం, జత 5,500 రూపాయలు. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే ఇబ్బంది ఆ ఒక్క కంపెనీది కాదు, అలాంటి సోలు ఉన్న ఏ షూకైనా వచ్చేదే. కోనసీమ, భీమవరం, నరసాపురం వైపు నుంచి హిమాలయాలకు వెళ్లాలనుకునేవాళ్లకు ఇది ముందే తెలియాలని రాస్తున్నాను.

మాది అమలాపురం దగ్గర ఊరు. సముద్రమట్టానికి పది మీటర్లు కూడా ఎత్తుండదు. ఆ అక్టోబరులో నేను వెళ్లాలనుకున్నది ఉత్తరాఖండ్‌లో ఉత్తరకాశీ జిల్లాలోని దయారా బుగ్యాల్‌కి, అంటే 3,400 మీటర్ల పైకి. కొండ మీద చెట్లు ఆగిపోయిన చోట మొదలయ్యే పచ్చిక బయలును అక్కడివాళ్లు బుగ్యాల్ అంటారు. మనకు ఎక్కి దిగడానికి కొండే లేదు కాబట్టి వైనతేయ ఏటిగట్టునే కొండ చేసుకున్నాను. రోజూ పొద్దున్నే గట్టు మీద ఐదు కిలోమీటర్లు నడిచి, చివర్లో గట్టు వాలు ఇరవైసార్లు ఎక్కి దిగేవాణ్ణి. మొదటి వారం మడమల దగ్గర బొబ్బలు లేచాయి. మూడో వారానికి షూ కాలికి అలవాటైంది. కొత్త షూతో నేరుగా రైలెక్కేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

సైజు విషయంలో షాపులో ఒక పెద్దాయన చెప్పిన మాట నన్ను కాపాడింది. సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, మందపాటి ఉన్ని సాక్సుతో వేసి చూడమన్నారు. నా మామూలు సైజు 8 అయితే 9 తీసుకున్నాను. అది ఎందుకో దిగేటప్పుడు తెలిసింది. దయారా నుంచి బార్సూ ఊరికి దిగేటప్పుడు ఒంటి బరువంతా ముందుకు తోసుకొస్తుంది. షూలో ముందు ఖాళీ లేకపోతే వేళ్లు తన్నుకుని గోళ్లు నల్లబడతాయి. మా గుంపులో ఇద్దరికి అదే జరిగింది.

ఆ అక్టోబరులో ఎక్కువ నడవాల్సి రావడానికి ఇంకో కారణం ఉంది. బుగ్యాళ్ల మీద రాత్రిపూట గుడారాలు వేయకూడదని అంతకు రెండు నెలల ముందే, 2018 ఆగస్టులో, ఉత్తరాఖండ్ హైకోర్టు తీర్పిచ్చింది. దాంతో కింద అడవిలో బస చేసి, బయలు చూసి, అదే రోజు మళ్లీ కిందికి రావాల్సి వచ్చింది. ఆ తీర్పు మంచిదేనని నా అభిప్రాయం. ఆ గడ్డి మీద నిలబడి చూసినవాళ్లెవరైనా అదే అంటారు. మీరు ప్లాన్ వేసుకునేటప్పుడు కూడా రోజుకు ఎన్ని గంటల నడక పడుతుందో ముందు ఇదే లెక్కతో చూసుకోండి.

ఆ నడకంతా షూ బాగా ఆదుకుంది. పొద్దున మంచు పేరుకున్న గడ్డి మీద, తడి రాళ్ల మీద ఒక్కసారీ జారలేదు. 2022 సెప్టెంబరు చివర్లో ఆలీ, బేద్నీ బుగ్యాళ్లకు వెళ్లినప్పుడు రెండు రోజులు వాన పడింది. బయటి నీళ్లు లోపలికి రాలేదు. కానీ ప్యాంటు మీదుగా కారి పైనుంచి ఒకసారి లోపలికి దిగాయంటే ఇక ఆరవు. రాత్రంతా పాత పేపర్లు కుక్కి ఉంచినా పొద్దున తొడిగితే చల్లగానే తగిలాయి. ఆయాసానికీ తలనొప్పికీ షూ ఏమీ చేయలేదు. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి మన తీరంలో ఉండేదాంట్లో మూడింట రెండొంతులే. నెమ్మదిగా ఎక్కడం ఒక్కటే దారి.

ఇక అసలు విషయం. ఆ ట్రిప్పు నుంచి వచ్చాక షూ కడిగి, ఎండబెట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి గట్టిగా ముడేసి బీరువా కింది అరలో దాచాను. పిల్లల చదువులతో రెండున్నరేళ్లు బయటికి తీయలేదు. 2025 మే నెల ప్రయాణానికని మా తమ్ముడితో మళ్లీ దయారాకి టిక్కెట్లు తీసుకుని, ఏప్రిల్‌లో షూ తొడిగి గట్టు ఎక్కాను. పైకి కొత్తదానిలా ఉంది. మూడో కిలోమీటరు దగ్గర కుడికాలి సోలు మడమ వైపు ఊడి వేలాడింది. ఇంటికి చేరేలోపు ఎడమదీ అంతే. కింది రబ్బరుకూ పైభాగానికీ మధ్య ఉండే మెత్తటి పొరను వేళ్లతో నలిపితే మైసూర్‌పాక్‌లా పొడిపొడి అయిపోయింది. చెప్పులు కుట్టేఆయన దగ్గరికి తీసుకెళ్తే, "ఇది కుట్టేది కాదండి, లోపలి సరుకే పోయింది. అతికిస్తే దేనికి అతుక్కుంటుందండి?" అన్నాడు.

తర్వాత కారణం తెలుసుకున్నాను. ఆ మధ్య పొర పాలీయురెతేన్ అనే ఒక రకం ప్లాస్టిక్ నురగతో చేసింది. గాలిలో తేమ దానితో కలిసి ఏళ్ల తరబడి లోలోపల దాన్ని విరగ్గొడుతుంది. దీన్ని హైడ్రాలిసిస్ అంటారు. వేడీ తేమా కలిస్తే ఇంకా త్వరగా జరుగుతుంది. మన డెల్టాలో ఏడాదిలో ఎక్కువ కాలం ఉండేవి ఆ రెండే. కవర్ ముడేయడం వల్ల తేమ లోపలే ఉండిపోయింది. వాడకుండా దాచడం మేలనుకున్నాను, నిజానికి అప్పుడప్పుడూ తొడుగుతుంటేనే అవి ఎక్కువ కాలం ఉంటాయి. కొన్నప్పుడు షాపులో ఈ మాట ఎవరూ చెప్పలేదు. అది నాకు ఇప్పటికీ బాధే. ఇదే దయారా దారిలో, రైథల్ ఊరి పైన అడవిలో ఊడి ఉంటే, తాడుతో కట్టుకుని తమ్ముడి భుజం పట్టుకుని దిగాల్సి వచ్చేది.

కొత్తది కొనేముందు మధ్య సోలు దేంతో చేశారని అడిగి, ఈవీయే (EVA) అనే ఇంకో రకం నురగతో చేసినది తీసుకున్నాను. ఇది అలా పొడి కాదు. తేలిక కూడా. కానీ పాతదానంత గట్టిగా లేదు, బరువు మోస్తే కొన్నాళ్లకు అణిగిపోతుంది. వీపు మీద పన్నెండు కిలోలు దాటి మోసేవాళ్లకు పాలీయురెతేన్ సోలే సుఖం. అలాంటిది కొంటే మాత్రం షూ నాలుక వెనక లేబుల్ మీద తయారైన తేదీ ఉందేమో చూడండి. షాపులో మూడేళ్లు మూలుగుతున్న జతను డిస్కౌంట్ ఇచ్చినా తీసుకోకండి. ప్రయాణానికి రెండు నెలల ముందే తొడిగి, సోలు అంచు బొటనవేలితో నొక్కి చూడండి.

కొత్త జతను గుడ్డ సంచిలో, గాలి ఆడే గదిలో ఉంచుతున్నాను. ఆదివారాలు గట్టు మీద తప్పకుండా తొడుగుతున్నాను. పాతదాని లేసులు మాత్రం ఇంకా గట్టిగానే ఉన్నాయి, అవి తీసి దీనికి కట్టుకున్నాను.