జాగ్రత్త: కాకినాడ దర్శనం, దిండి హౌస్‌బోటు కలిపి అమ్మే ప్యాకేజీ

పగలంతా కాకినాడ, కోరంగి మడ అడవి, యానాం చూపించి, ఆ సాయంత్రమే కోనసీమలో వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న దిండిలో హౌస్‌బోటు ఎక్కిస్తామంటూ ఒకే ధరకు అమ్ముతున్న ప్యాకేజీని కొనదలచినవారు డబ్బు పంపే ముందు ఈ సంగతులు తెలుసుకోవాలని రాస్తున్నాను. మావారు, నేను ఈమధ్య దాన్ని కొన్నాము. ఊరు చూసిందీ లేదు, బోటు కదిలిందీ లేదు. ఫిర్యాదు నడుస్తున్నందువల్ల అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు.

ఈ ప్యాకేజీలోని అసలు లొసుగు ఏమిటంటే, కారు ఒకరిది, బోటు మరొకరిది, మన దగ్గర డబ్బు తీసుకున్నది మూడోవారు. కారువారు ఆలస్యం చేస్తే బోటు తప్పిపోతుంది. బోటు తప్పినందుకు కారువారిని అడిగితే తమకు సంబంధం లేదంటారు, బోటువారిని అడిగితే సమయానికి రావలసింది మీరేనంటారు, డబ్బు తీసుకున్నవారేమో రసీదు అడుగున సన్నని అక్షరాలతో అచ్చువేసిన ‘ప్రయాణ ఆలస్యాలకు మేము బాధ్యులము కాము’ అనే వాక్యం చూపిస్తారు.

కరపత్రంలో కాకినాడ గురించి రాసింది చదివితే ఎవరికైనా వెళ్లాలనిపిస్తుంది. 1825 దాకా డచ్చివారి చేతిలో ఉన్న జగన్నాథపురం, అమెరికా అంతర్యుద్ధకాలంలో పత్తి ఎగుమతితో ఎదిగిన రేవు, 1923లో కాంగ్రెస్ మహాసభ జరిగిన ఊరు, దూరాన లంగరు వేసిన ఓడలకు బార్జీలపై సరుకు చేరవేసే విధానం, ఇవన్నీ వివరించి చూపిస్తామని అందులో ఉంది. మేము చూసింది జగన్నాథపురం వంతెన ఒక్కటే, అదీ కారు అద్దంలోంచి.

ఉదయం కారు ఎక్కగానే బండి ఉప్పాడ వైపు మళ్లింది. మేము ఈ ప్రాంతంవాళ్లమే గనుక, ఉప్పాడ కాకినాడకు ఉత్తరాన ఉందనీ, మేము చేరవలసిన దిండి పూర్తిగా దానికి వ్యతిరేక దిశలో, 216వ జాతీయ రహదారి మీద సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉందనీ తెలిసి, ముందు ఊరు చూపించమని అడిగాము. “మేడం గారూ, ఉప్పాడ తీసుకెళ్లకపోతే మాకు డీజిలు డబ్బులు ఇవ్వరండి” అన్నాడు డ్రైవరు. అతని మీద నాకు కోపం లేదు. ఉప్పాడ జాందానీని తక్కువ చేయడమూ నా ఉద్దేశం కాదు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన నేత అది, మగ్గం దగ్గర కూర్చుంటే పూట ఇట్టే గడిచిపోతుంది. అయితే మమ్మల్ని తీసుకెళ్లింది మగ్గం దగ్గరికి కాదు. మేము చెప్పులు విడిచేలోపే దుకాణం గుమాస్తా పొడుగాటి నోటుపుస్తకంతో బయటికి వచ్చి, కారు నంబరు, వేళ రాసుకుని, డ్రైవరు చేత సంతకం పెట్టించుకున్నాడు. చీర కొనబోమని తేల్చి చెప్పినా, డ్రైవరు టీకి వెళ్లాడంటూ చాలాసేపు కూర్చోబెట్టారు. తర్వాత కాజాల దుకాణం దగ్గరా ఇదే వరస.

కోరంగి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడి మడ అడవి 1978 నుంచి అభయారణ్యం. 1839 నవంబరు తుఫాను తర్వాత మళ్లీ కోలుకోని పాత రేవు కోరంగి కూడా ఆ పక్కనే. ప్యాకేజీలో చేర్చామన్న ప్రవేశ టికెట్టు మాచేతే కొనిపించారు. బోటు షికారు కుదరలేదు, ఎందుకంటే అప్పటికి పాటు వచ్చి కాలువలో నీళ్లు తగ్గి, మడ చెట్ల ఊపిరివేళ్ల చుట్టూ బురద బయటపడింది. ఇది అనుకోకుండా వచ్చిన అడ్డంకి కాదు. పోటు, పాటు వేళలు ముందురోజే తెలుస్తాయి. ప్రయాణ క్రమం తయారుచేసినవారు వాటిని చూడలేదు, దుకాణాల వేళలు మాత్రమే చూశారు. యానాంలో కారు ఆగనే లేదు.

దిండి చేరేసరికి చీకటి పడింది. మా రసీదులో బోటు ఎక్కే వేళ మధ్యాహ్నం 3 గంటలని ఉండగా, బోటు మేనేజరు చూపించిన బుకింగు కాగితంలో మా పేర్ల పక్కన 12 గంటలని ఉంది. ఆ కాగితం మాకు ఎన్నడూ పంపలేదు. వశిష్ఠలో బోటు తిరిగేది పొద్దు కుంకేదాకా మాత్రమేననీ, ఆ తర్వాత ఒడ్డున కట్టేస్తామనీ, మిగిలిన అతిథులతో ఆనాటి తిరుగుడు అయిపోయిందనీ ఆయన మర్యాదగానే చెప్పారు. అంటే 3 గంటలకు సరిగ్గా చేరినా మాకు దక్కేది సగమే. కట్టేసిన బోటు గదిలో పడుకుని ఉదయాన్నే దిగిపోయాము. అమ్మినవారు మొదట ఫోను ఎత్తలేదు. రెండోరోజు ఎత్తి, ఆలస్యంగా చేరడం ‘నో షో’ (బుక్ చేసుకుని రాకపోవడం) కిందికి వస్తుందని చెప్పి పెట్టేశారు.

నా మటుకు నేను ఈ రెండింటినీ ఒకే రోజులో ఇరికించడమే కుదరని పని అంటాను. కాకినాడకు ఒక పూర్తి రోజు ఇచ్చి, కారు మీరే మాట్లాడుకుని, బోటువారితో నేరుగా మాట్లాడి బుక్ చేసుకోవడం మేలు. ఎక్కే వేళ, నదిలో తిరిగే గంటలు, కట్టేసి ఉంచే గంటలు విడివిడిగా రాతపూర్వకంగా అడగండి. లైఫ్ జాకెట్లు, అనుమతి పత్రం గురించి కూడా మొహమాటపడకుండా అడగాలి. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం తర్వాత ఆ ప్రశ్నకు చిరాకుపడే బోటు ఎక్కనక్కరలేదు. డబ్బు సంస్థ ఖాతాకు కాకుండా ఎవరిదో సొంత ఫోను నంబరుకు పంపమంటే అక్కడే ఆగిపోండి.

ఇప్పటికే కొని నష్టపోయినవారు కరపత్రం, రసీదు, చెల్లింపు స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ సందేశాలు చెరపకుండా ఉంచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. అక్కడ తేలకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే రుసుము ఉండదు. మేము మొదటి మెట్టు మీద ఉన్నాము, ఇంతవరకు పైసా తిరిగి రాలేదు. ఈలోగా అదే ప్యాకేజీ ‘కార్తీకమాసం స్పెషల్’ అనే కొత్త పేరుతో వాట్సాప్‌లో తిరుగుతోంది. ఫోను నంబరు మారింది, ప్రయాణ క్రమంలో మొదటి మజిలీ మాత్రం ఇంకా ఉప్పాడే.