పొట్టి బీర గింజలు మార్చుకోబోతున్నవాళ్లు దయచేసి ఆగండి

ఎవరి గురించి రాస్తున్నానో మిద్దె తోటలు పెంచే చాలామందికి చెప్పకుండానే అర్థమవుతుంది. నాటు విత్తనం కావాలంటే ఆయన్నే అడగాలి అని మనమే ఒకరికొకరం చెప్పుకున్న పెద్దమనిషి. పేరు ఇక్కడ రాయను. ఆయన దగ్గర నుంచి బూడిద పట్టించిన బీర గింజలు మీకు వచ్చి ఉంటే, లేదా రాబోతూ ఉంటే, ఇది చదివాకే వాటిని ముట్టుకోండి. ఇది జరిగింది నిన్న. నా కోపం ఇంకా చల్లారలేదు. చల్లారేదాకా ఆగితే ఈలోగా ఇంకెందరో విత్తేస్తారు, మృగశిర కార్తె వచ్చేసింది.

సంక్రాంతి తర్వాత కుదిరిన మాట ఇది. మా అత్తగారి చిక్కుడు నేను పంపాలి, వాళ్ల నాయనమ్మ కాలం నుంచి కాపాడుకుంటున్న పొట్టి బీర ఆయన పంపాలి. డబ్బు ప్రసక్తి లేదు. పోస్టు ఖర్చు ఎవరిది వారిదే. బీర గింజలు వచ్చాయి, తొలకరి కోసం దాచాను.

మా అత్తగారి చిక్కుడు గురించి కొంత చెప్పాలి. కాయ అంచు వంకాయ రంగులో ఉంటుంది, పువ్వు ఊదా రంగు. గింజ నిగనిగలాడే నలుపు, ఒక పక్క అంచు పొడవునా తెల్లటి చార. ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు కోనసీమలోని పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనం అది. పందిరి మీద మొదట దిగిన మంచి కాయలను ఆవిడ ఎవరినీ కోయనిచ్చేవారు కాదు, అవి గింజకు. తీగ మీదే ఎండి గలగలలాడేదాకా ఉంచి, ఒలిచి, పుచ్చులూ తాలూ ఏరేసి, నీడలో ఆరబెట్టి, పొయ్యి బూడిద కలిపి మట్టి పిడతలో పోసి మూతికి గుడ్డ కట్టేవారు. ఆవిడ పోయాక ఆ పని నాకు వచ్చింది. ఊళ్లో పెరడు పోయి, హైదరాబాద్‌లో మిద్దె మీద కుండీల్లోకి మారినా ఆ వరుస తప్పలేదు. పగటి పొద్దు తగ్గితే గాని ఈ చిక్కుడు పూతకు రాదు. తొలకరికి విత్తితే దసరా దాటాక పూత, సంక్రాంతికి నిండు కాపు. ఏడాదికి ఒకటే పంట, ఒకసారే గింజ. అందులో సగం ఆయనకు పంపాను.

ఆయన పంపిన పొట్లం విప్పినప్పుడు గింజలు బూడిదలో పొర్లి ఉన్నాయి. చూసి నా మనసు నిండిపోయింది. విత్తనం దాచుకునే ఇళ్లలో మసలినవారికి ఆ బూడిద సంతకం లాంటిది. పురుగు పట్టకుండా ఏడాదంతా కనిపెట్టుకుని ఉన్న చేయి ఒకటి ఉందని చెబుతుంది.

నిన్న సాయంత్రం వాటిని స్టీలు గిన్నెలో పోసి నానబెట్టాను. బూడిద అడుగుకు దిగింది. పైన తేరిన నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. ఒక గింజ తీసి తెల్ల గుడ్డ మీద రుద్దాను, గుడ్డకు రంగు అంటింది. బీర గింజ పైపొర నున్నగా ఉండదు కదా, ఆ గరుకులోని సన్నని గుంటల్లో ఎర్రటి పూత ఇంకా పట్టుకునే ఉంది. కంపెనీవాళ్లు విత్తనశుద్ధి చేసి ప్యాకెట్ కట్టిన గింజ అది. థైరమ్, కాప్టాన్ వంటి తెగులు మందులు పట్టించిన విత్తనానికి రంగు కలిపేది ఎందుకు? ఇది మందు పట్టించినది, నోట పెట్టకూడదు అని చూడగానే తెలియడానికి. ఆ హెచ్చరిక కనబడకుండా పైన బూడిద పూశారు. నేను చూసేసరికి మా చిన్నది ఆ గిన్నెలో వేళ్లు ముంచి గింజలు లెక్కపెడుతోంది. దాని చేతులు సబ్బుతో కడిగి, మళ్లీ కడిగి, అప్పుడు ఫోను తీశాను.

పెద్దవారు కదా, పొరపాటున వేరే పొట్లం వచ్చిందేమో అన్న మాటే ముందు నా నోట వచ్చింది. “గింజలకు రంగు ఉందండీ, మీ నాయనమ్మగారి విత్తనం ఇదేనా?” అని అడిగాను. ఒక్క క్షణం తడబడలేదు. “కాయ కాస్తుంది కదమ్మా, గింజకు కులగోత్రాలు ఎందుకు?” అన్నారు. ఇవి కంపెనీ హైబ్రిడ్ గింజలు కదండీ అంటే, “ఊరికే వచ్చినదానికి ఇన్ని వంకలా?” అన్నారు. ఊరికే రాలేదండీ, చిక్కుడు ఇచ్చాను అన్నాను. దానికి ఆయన అన్న మాట రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. “చిక్కుడు ఏమంత గొప్పదమ్మా! బజార్లో కిలో కొంటే బోలెడు గింజలు.” అని ఫోను పెట్టేశారు. కాసేపటికి వాట్సాప్ గ్రూపులో నుంచి నన్ను తీసేశారు.

విత్తనం విలువ తెలియని మనిషి అని ఉంటే ఆ మాట అక్కడే వదిలేసేదాన్ని. ఈయనకు అన్నీ తెలుసు. ఏ గింజను ఏ నెలలో తీయాలో, ఏ తేమ దగ్గర బూజు పడుతుందో మనకు నేర్పినవారిలో ఆయన ఒకరు. తెలిసి చేశారు. కొన్న గింజకు బూడిద పట్టించవలసిన అవసరం ఎవరికీ ఉండదు, దాచవలసింది ఏదో ఉంటే తప్ప.

ఈ ఉదయం స్నేహితురాలు ఒక ఫోటో పంపింది. చిన్న కవరు, మీద అచ్చు వేసిన చీటీ, “తాతల నాటి నల్ల చిక్కుడు, 10 గింజలు 150 రూపాయలు.” పక్కన అరచేతిలో గింజల బొమ్మ. ఆ బొమ్మ నేను ఆయనకు పంపినదే. అందులో ఉన్నది నా చేయి, గింజల వెనక కనిపిస్తున్న ఆకుపచ్చ అంచు నా చీరది. బజార్లో కిలోల లెక్కన దొరికే గింజ అని నిన్న నాతో అన్న మనిషి, పదింటికి నూట యాభై తీసుకుంటున్నారు. అమ్ముకుంటానని ముందే చెప్పి ఉంటే ఇవ్వాలో వద్దో నేను ఆలోచించుకునేదాన్ని. మా అత్తగారి పుట్టింటి విత్తనానికి ఆయన తాతలు ఎక్కడి నుంచి వచ్చారు?

హైబ్రిడ్ విత్తనం మీద నాకు ఏ కోపమూ లేదు. నేనూ కొంటాను, విత్తుతాను, తింటాను. కానీ దాని గింజ తీసి మళ్లీ విత్తితే తల్లి లాంటి కాయ రాదు. మొదటి ఏడు కాయలన్నీ ఒకే తీరుగా వస్తాయి. వాటి గింజలు విత్తిన మరుసటి ఏడు ఒక పాదు పొడుగు కాయలు, ఒక పాదు పొట్టివి, ఒకటి కాపే లేనిది, ఇలా చెదిరిపోతుంది. ఆయన మనకు చెప్పిందేమో, గింజ తీసి పది మందికి పంచండి అని. అలా పంచినవాళ్లు ఎంతమందో, ఆ పది మందిలో ఎవరి మిద్దె మీద అసలైన పాత బీర ఉందో! బీరకు మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. పొద్దువాలే వేళ విచ్చుకుంటాయి, అప్పుడు తిరిగే పురుగులు పక్క పాదు పుప్పొడి తెచ్చి అంటిస్తాయి. ఈ గింజల నుంచి మొలిచిన తీగ పక్కన ఉంటే, తరతరాలుగా ఒకే తీరుగా వచ్చిన మీ బీర విత్తనం కూడా ఈ ఏడుతో కలుషితమవుతుంది. కాయ కోసినప్పుడు తేడా కనిపించదు. వచ్చే ఏడు విత్తాక తెలుస్తుంది, అప్పటికి పాత గింజ మీ దగ్గర ఉండదు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఏటా సంక్రాంతి రోజుల నుంచి పాత పంటల జాతర జరుపుతారు. ఎడ్లబండ్ల మీద విత్తనాల కుండలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. అప్పుగా విత్తనం తీసుకున్నవాళ్లు పంట వచ్చాక తీసుకున్నదానికి ఎక్కువే కలిపి తిరిగి కొలుస్తారు. అదంతా ఒకరి మీద ఒకరికి ఉన్న నమ్మకం. మన మార్పిడి కూడా ఆ నమ్మకం మీదే నడుస్తోంది. 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షనులో విత్తనాన్ని దాచుకునే, విత్తుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కు రైతుకు రాసి ఇచ్చారు. ఆ హక్కు మనకు మిగలాలంటే ఇలాంటివారిని దాటిపోనివ్వకూడదు. అందుకే ఆయన తోటలో నుంచి ఏమీ తీసుకోవద్దని, ఆయనకు ఏమీ పంపవద్దని బహిరంగంగా రాస్తున్నాను.

కొత్తవారి దగ్గర నుంచి ఏ గింజ వచ్చినా ముందు తడి తెల్లగుడ్డ మీద రుద్ది చూడండి. బీర, సొర, దోస, గుమ్మడి ఇస్తామన్నవారిని పువ్వుకు సంచి కట్టి చేత్తో పుప్పొడి అద్దారా అని అడగండి. జవాబు చెప్పలేకపోతే వద్దనండి. గింజలతో పాటు తీగ ఫోటో, ఎండిన కాయ ఫోటో అడగడంలో మొహమాటం వద్దు. ఆయన బీర ఇప్పటికే మొలిచి ఉంటే కాయలు కోసుకుని వండుకోండి, గింజకు మాత్రం ఉంచకండి. మీ సొంత బీర పాదు పక్కనే ఉంటే ఈ ఏడు దాని పువ్వులకు సంచులు కట్టకుండా గింజ తీయకండి. మిగిలిన గింజలు పిల్లలకు, పక్షులకు అందనివ్వకండి.

నల్ల చిక్కుడు ఆయన దగ్గర కొన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, గింజను పారేయవద్దు, అది మంచి విత్తనం. ఆషాఢంలోపు విత్తండి, పందిరి గట్టిగా వేయండి, మొదట దిగిన కాయలు గింజకు వదలండి. మొలవకపోతే నాకు రాయండి, నా పిడతలో మిగిలిన సగంలో నుంచి పంపుతాను. డబ్బు వద్దు.