పాత రెడ్ వైన్ కొనేముందు ఆ దుకాణంలో చల్లదనం ఉందో లేదో చూడండి

విజయనగరంలో ఖరీదైన పాత రెడ్ వైన్ కొనాలనుకునేవాళ్లు దయచేసి ఇది చదివాకే కొనండి. గత ఆదివారం నాకు 5,200 రూపాయలు పోయాయి. డబ్బుకన్నా నాన్న ముఖం చిన్నబోయినందుకే ఎక్కువ బాధగా ఉంది.

ఆ రోజు అమ్మానాన్నల పెళ్లిరోజు. నౌకల్లో పనిచేసే రోజుల్లో ఎక్కడో తాగిన పాత వైన్ గురించి నాన్న ఇప్పటికీ చెబుతుంటారు. అందుకే గంటస్తంభం దగ్గరి ఒక దుకాణంలో ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు సీసా కొన్నాను. దాని మీద 2014 అని ఉంది. అది ద్రాక్ష కోసిన సంవత్సరం. ‘ఎంత పాతదైతే అంత మంచిది సార్’ అన్నాడు అమ్మే అతను. నేను నమ్మాను.

అమ్మ పొద్దుటి నుంచి సన్నని సెగ మీద మేకమాంసం వండింది. కారం తగ్గించమని ముందే బతిమాలాను. కారం ఎక్కువైతే వైన్‌లోని వగరు, ఘాటు రెండూ పైకి తేలతాయి. అదే కొవ్వున్న ముక్కతో తాగితే వగరు మెత్తబడుతుంది. గారెలు, వేడి అన్నం, మాంసం అన్నీ సిద్ధం. సీసా తీద్దామంటే బిరడా అప్పటికే అంచు మీదికి కాస్త ఉబ్బి ఉంది. లాగుతుంటే పొడిపొడిగా రాలిపోయింది. గ్లాసులోకి వచ్చినది ఎర్రగా లేదు, పలచని చింతపండు రసంలా ఉంది. ఉడికించిన ఎండుద్రాక్ష వాసన, వెనకే వెనిగర్ పులుపు. నాన్న ఒక గుక్క తాగి, ఏమీ అనకుండా గ్లాసు పక్కన పెట్టేశారు.

తప్పు వైన్‌ది కాదు, దాన్ని ఉంచిన తీరుది. వైన్‌కు 12 నుంచి 15 డిగ్రీల చల్లదనం కావాలి, సీసా పడుకోబెట్టి ఉండాలి. నిలబెట్టి ఉంచితే బిరడా ఎండి గాలి లోపలికి వెళ్తుంది. వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను పైకి తోస్తుంది. ఈ సీసా దుకాణం తెరిచిన రోజు నుంచీ పై అరలోనే నిలబడి ఉందట. మన రాష్ట్రంలో ప్రైవేటు మద్యం దుకాణాలు మళ్లీ తెరుచుకున్నది 2024 అక్టోబరులో. అంటే మన ఎండాకాలం మొత్తం ఏసీ లేని ఆ గదిలో ఉడికిందన్నమాట.

కాబట్టి కొనేముందు సీసాను వెలుతురుకు ఎత్తి చూడండి. వైన్ మెడ కిందికి బాగా దిగిపోయి ఉన్నా, బిరడా ఉబ్బినా, మూత పక్కన కారిన మరక ఉన్నా వదిలేయండి. అడుగున మడ్డి కనిపిస్తే మాత్రం భయపడకండి. పాత వైన్‌లో అది సహజం. తెరిచే ముందు ఒక్కరోజు నిలబెట్టి ఉంచి, మెల్లగా వంచుకుంటే సరిపోతుంది. ఇంకో మాట, రెడ్ వైన్లలో ఎక్కువ భాగం కొన్నేళ్లలోనే తాగేయడానికి చేసినవి. పదేళ్లు దాటిందంటే అది గొప్ప వైన్ అని అనుకోవద్దు.

బిల్లు తప్పకుండా తీసుకోండి. నేను తీసుకోలేదు. మర్నాడు వెళ్లి అడిగితే ‘తెరిచిన సీసా వెనక్కి తీసుకోం’ అన్నారు. బిల్లు ఉండి ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసేవాణ్ణి.

అదే అరలో అదే రకం సీసాలు ఇంకా రెండు ఉన్నాయి. నిన్న సాయంత్రం కూడా చూశాను, అలాగే నిలబెట్టి ఉన్నాయి.