కాలిన కొండల్లో పూలు చూడ్డానికి: మాలిబు క్రీక్, పారమౌంట్ రాంచ్, అగోరా హిల్స్

దక్షిణ కాలిఫోర్నియాలో వసంతకాలం పూలు అనగానే ఎవరైనా లేక్ ఎల్సినోర్ దగ్గరి వాకర్ కాన్యన్ పేరే చెప్తారు. 2019 మార్చిలో అక్కడి పాపీ పూల కోసం జనం ఎంతలా ఎగబడ్డారంటే, ఊరు ఆ ట్రాఫిక్ తట్టుకోలేక కొండదారినే మధ్యలో మూసెయ్యాల్సి వచ్చింది. మేము ఆ జోలికి పోలేదు. ఏప్రిల్ మొదట్లో శాన్ ఫ్రాన్సిస్కో వైపున్న ఫ్రీమాంట్ నుంచి కారేసుకుని, లాస్ ఏంజెలెస్ పక్కన నాలుగైదు నెలల కిందట కాలిపోయిన కొండలు చూడ్డానికి వెళ్ళాం. "డబ్బులిచ్చి బూడిద చూడ్డమేంటి" అని నవ్విన స్నేహితులున్నారు. అమ్మా నాన్నా ఇండియా నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆ కొండల పక్కనే మాలిబు వెంకటేశ్వరస్వామి గుడి ఉంది కాబట్టి వాళ్ళని బయల్దేరదీయడం తేలికైంది.

సంగతేంటంటే, 2018 నవంబర్ 8న మొదలైన ఊల్సీ కార్చిచ్చు, ఎడారి వైపు నుంచి వీచే శాంటా ఆనా అనే పొడి గాలికి 101 ఫ్రీవేని దూకి, మాలిబు దగ్గర సముద్రం దాకా వచ్చి ఆగింది. 96,949 ఎకరాలు కాలాయి. ముగ్గురు చనిపోయారు, పదహారు వందలకు పైగా ఇళ్ళూ కట్టడాలూ బూడిదయ్యాయి. శాంటా మోనికా కొండల్లో నేషనల్ పార్క్ సర్వీసు చేతిలో ఉన్న నేలలో 88 శాతం మంటల పాలైంది. ఆ చలికాలం వానలు బాగా పడ్డాయి. ఇలాంటి పొదల కొండ కాలిన తర్వాత మొదటి వసంతానికి మంచి వాన తోడైతే, మామూలు ఏళ్ళలో కంటికి కనపడని పూలు బయటికొస్తాయి. మేము వెళ్ళింది వాటి కోసం.

ముందు బస గురించి. మొదటి రాత్రి సముద్రం పక్కన పసిఫిక్ కోస్ట్ హైవే మీద ఒక మోటెల్లో దిగాం. రాత్రికి మూడొందల డాలర్ల పైమాటే. సముద్రం కనపడుతుంది, నిజమే, కానీ కిటికీకీ సముద్రానికీ మధ్య తెల్లవార్లూ కార్లు పోతూనే ఉంటాయి. కార్పెట్లో పొగ వాసన ఇంకా పోలేదు. గది మార్చమని అడిగితే అన్నీ అంతేనన్నారు. పైగా ట్రైల్, అంటే కొండ నడకదారి, దగ్గరికి వెళ్ళాలంటే మాలిబు కాన్యన్ రోడ్డు వంపులన్నీ ఎక్కాలి. ఆ వంపుల్లో అమ్మకి కడుపులో తిప్పింది. మర్నాడు కొండకి అవతల, 101 పక్కన అగోరా హిల్స్‌లో ఒక మామూలు చెయిన్ హోటల్‌కి మారాం. అద్దె దాదాపు సగం. పొద్దున్నే టిఫినూ కాఫీ వాళ్ళే పెట్టారు, గదిలో చిన్న ఫ్రిజ్ ఉంది కాబట్టి పెరుగు పాడవలేదు. ట్రైల్ పది, పదిహేను నిమిషాలు. సముద్రం చూడాలనుకుంటే ఓ సాయంత్రం వెళ్ళి రావచ్చు, పడుకోవడం మాత్రం ఇటువైపే.

నడక మొదలుపెట్టే ముందు మల్‌హాలండ్ హైవే మీద కింగ్ జిలెట్ రాంచ్‌లో ఉన్న విజిటర్ సెంటర్‌కి వెళ్ళండి. రేజర్ బ్లేళ్ళ జిలెట్ 1920ల్లో కట్టించుకున్న ఎస్టేటు అది. లోపలికి టికెట్టేమీ లేదు. కౌంటర్ దగ్గరున్న రేంజరమ్మ మ్యాపు మీద పెన్నుతో గీసి మరీ చెప్పింది: ఏ దారి తెరిచారు, ఏది ఇంకా మూసి ఉంది, ఎక్కడ ఏం పూసింది, పెద్దవాళ్ళు ఎక్కడి నుంచి వెనక్కి తిరిగితే మంచిది. ఈ ప్రయాణంలో నేను పూర్తి మార్కులిచ్చేది ఆ కౌంటర్‌కే.

మాలిబు క్రీక్ స్టేట్ పార్కులో మేము వెళ్ళినప్పుడు పార్కింగు రోజుకి 12 డాలర్లు. టాయిలెట్లు పార్కింగు దగ్గర శుభ్రంగానే ఉన్నాయి, లోపలికి వెళ్ళాక ఆశ పెట్టుకోకండి. క్రాగ్స్ రోడ్ అనే వెడల్పాటి మట్టిబాట వాగు పక్కనే సాగి, ఒక ఎత్తు ఎక్కి సెంచురీ లేక్ వైపు దిగుతుంది. ఇంకా ముందుకెళ్తే, కొరియా యుద్ధం నాటి ఆసుపత్రి శిబిరం గురించి తీసిన పాత టీవీ సీరియల్ షూటింగు స్థలం వస్తుంది. అమెరికన్లు ఎక్కువమంది దానికోసమే గబగబా నడిచిపోతుంటారు. రానూపోనూ ఐదు మైళ్ళ దాకా అవుతుంది. మేము అంత దూరం పోలేదు, పోవాల్సిన అవసరమూ లేదు. మేము చూడాలనుకున్నవన్నీ ఆ ఎత్తు మీదే, దారి అంచునే, మోకాలి కింద ఉన్నాయి.

ఫైర్ పాపీని నాన్న ముందు చూశారు. మామూలు కాలిఫోర్నియా పాపీ కంటే చిన్నది. సన్నటి కాడ, కిందికి వంగిన మొగ్గ, విచ్చుకున్నాక నాలుగు రేకులు. రంగు ఇటుకకీ నారింజకీ మధ్య. లోపలికి తొంగి చూస్తే ప్రతి రేకు అడుగునా లేత ఆకుపచ్చ మచ్చ, అవన్నీ కలిసి మధ్యలో పచ్చటి గిన్నెలా కనపడతాయి. మామూలు పాపీకి ఆ పచ్చ ఉండదు, దానికి బదులు పువ్వు కింద ఎర్రటి అంచు ఉంటుంది. నాన్న కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, నల్లటి మట్టిలో మోకాలు ఆన్చి చూస్తుంటే, ఆయన ఊపిరి తగిలే ఒక రేకు రాలింది. ఆ మట్టిలోనే బొగ్గు ముక్కలు, పగిలిన నత్తగుల్లలు. ఈ పువ్వు గింజలు ఏళ్ళ తరబడి, దశాబ్దాల తరబడి కూడా నేలలో పడుంటాయి. నిప్పు వచ్చి పైనున్న పొదల్ని ఊడ్చేశాక లేస్తాయి, ఒకటి రెండు వసంతాలు పూసి మళ్ళీ గింజలుగా మట్టిలోకి పోతాయి.

కాస్త పైన లేత పసుపు గంటలు వేలాడే విస్పరింగ్ బెల్స్. దీన్ని మొలకెత్తించేది వేడి కాదు, పొగ. పొగలోని నైట్రోజన్ డయాక్సైడ్ తగిలితే ఈ గింజ మొలుస్తుందని 1990ల్లో శాస్త్రజ్ఞులు తేల్చారు. సియనోథస్ పొదది ఇంకో పద్ధతి. దాని గింజ పెంకు వేడికి బీటవారితేనే నీళ్ళు లోపలికి పోతాయి. ఇక వైల్డ్ కుకుంబర్ తీగకి గింజల గొడవే లేదు. నేలలో పెద్ద దుంప దాచుకుని ఉంటుంది కాబట్టి బూడిద మీద అందరికంటే ముందు అదే పాకుతుంది. కాయ మాత్రం అచ్చం బాగా పెరిగిన ఆగాకరకాయే, ముళ్ళు ఇంకాస్త కోపంగా ఉంటాయి. అమ్మ దాన్ని ఆశగా చూసింది కానీ అది తినేది కాదు.

నాన్న భద్రాచలం వైపు అటవీ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. మాడిన ఛమీస్ అనే పొదల మోడుల చుట్టూ లేత చిగుళ్ళు గుత్తులుగా లేవడం చూసి, "ఇందులో వింతేముందమ్మా, తునికి కూడా ఇంతేగా" అన్నారు. మన దగ్గర బీడీ ఆకు సీజన్‌కి ముందు తునికి పొదలు కొట్టడం, కొన్నిచోట్ల నిప్పు పెట్టడం ఆయన ఉద్యోగమంతా చూసిందే. వేరు బతికుంటే కొత్త ఆకు వస్తుంది. "పైకి కాలినంత మాత్రాన చెట్టు చచ్చినట్టు రాసుకుంటే మా డీఎఫ్‌ఓ ఊరుకునేవాడు కాదు" అని, వాళ్ళ పై అటవీ అధికారిని తలుచుకుని, ఇంకో మాట కలిపారు.

ఇక ఆవ సంగతి. కొండలు కొండలే పసుపుపచ్చగా, మనిషెత్తున ఆవ పూసింది. దారిపొడుగునా జనం అందులోకి దిగి ఫోటోలు దిగుతున్నారు. అమ్మయితే కారు ఆపించింది. "ఇంత ఆవ ఎవరు చల్లారే ఇక్కడ?" అంది. ఎవరూ పనిగట్టుకుని సాగు చెయ్యలేదు. యూరప్ వైపు నుంచి వచ్చి పడ్డ మొక్క అది, ఖాళీ నేల దొరికితే చాలు అల్లుకుపోతుంది. నా మటుకు నాకు ఈ కొండల్లో దిగులు పుట్టించిన దృశ్యం నల్లటి మోళ్ళు కాదు, ఈ పసుపే. ఎండలు ముదిరేసరికి ఇది ఎండి గలగలలాడుతుంది, మళ్ళీ అంటుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. ఇలాంటి పొదల అడవి సహజంగా కొన్ని దశాబ్దాలకోసారి కాలితే తట్టుకుంటుంది. పదేళ్ళ లోపే మళ్ళీ కాలితే, గింజ మీదే ఆధారపడ్డ సియనోథస్ లాంటివి కొత్త గింజలు సరిపడా రాల్చేలోపే పోతాయి, ఆ చోటు గడ్డీ ఆవా ఆక్రమిస్తాయి. ఈ శాంటా మోనికా కొండలు 1978లో, 1993లో, 1996లో కూడా ఒక్కోసారి ఒక్కో వైపు పెద్దగా తగలబడ్డాయి. కాబట్టి పసుపు కొండ ముందు ఫోటో దిగండి, కాదనను, కానీ పూలు చూసొచ్చామని మాత్రం చెప్పుకోకండి.

పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి మాలిబు క్రీక్ కంటే పారమౌంట్ రాంచ్ మేలు. పార్కింగు ఉచితం, నేల చదును, పెద్ద ఓక్ చెట్లు. సినిమా కంపెనీ 1927లో కొన్న నేల ఇది. కౌబాయ్ సినిమాల కోసం వేసిన వెస్టర్న్ టౌన్ ఊల్సీలో మొత్తం కాలిపోయి, చర్చీ రైల్వే స్టేషనూ మాత్రం మిగిలాయి. రెండూ సెట్లే, ఏనాడూ ప్రార్థన జరగని చర్చి, రైలు రాని స్టేషను. వెనకాలే కయోటీ కాన్యన్ అనే చిన్న చుట్టు దారి ఉంది. అందులో ఫెసీలియా ఊదారంగులో దట్టంగా పూసింది, లూపిన్లు నీలంగా నిలబడ్డాయి, మార్చిలో లక్షలుగా ఎగిరొచ్చిన పెయింటెడ్ లేడీ సీతాకోకచిలుకల్లో వెనకబడ్డవి వాటి మీద వాలుతున్నాయి. అగోరా పక్కనే ఉన్న చీస్‌బరో కాన్యన్‌కి కూడా వెళ్ళాం. గడ్డి, ఓక్ చెట్లు, బోలెడంత ఆవ. సమయం తక్కువుంటే వదిలెయ్యండి.

ఫెసీలియా దగ్గర జాగ్రత్త. పెద్ద పూల రకానికి కాడల నిండా జిగురు నూగు ఉంటుంది. అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ముంజేయి ఆనించింది, మర్నాటికల్లా దద్దుర్లు, దురద. ఇవి తగ్గడానికి వారం పట్టింది. పొడుగు చేతుల చొక్కా వేసుకుని, హోటల్‌కి రాగానే బట్టలు వేరే సంచిలో పడెయ్యడం మంచిది. పాయిజన్ ఓక్ కూడా కాలిన వేరు నుంచి నవనవలాడుతూ లేస్తుంది, మూడేసి ఆకులు కనపడితే దూరం జరగండి. ఇంకో ముఖ్యమైన మాట: కాలిన కొండ మీద నీడ ఉండదు. ఏప్రిల్ అయినా పదకొండు దాటితే మాడిపోతాం. పొద్దున్నే వెళ్ళి, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు మోసుకెళ్ళండి. లోయలో ఫోన్ సిగ్నల్ పోతుంది, మ్యాపు ముందే దించుకోండి.

భోజనం బెంగ లేదు, గుడి ఉంది. లాస్ వర్జెనెస్ రోడ్డు మీద, పార్కుకి కాస్త ఎగువన, 1981 నాటి తెల్లటి గోపురాల ఆలయం. పైన వేంకటేశ్వరుడు, కింది వైపు శివాలయం. చుట్టుపక్కల కొండలు కాలినా గుడి నిలిచింది. శని ఆదివారాల్లో దొరికే పులిహోర, దద్దోజనం కట్టించుకుంటే మధ్యాహ్నం నడకకి అంతకు మించింది లేదు. పార్కింగు మాత్రం వారాంతాల్లో కష్టం, ఉదయం దర్శనం చేసుకుని ట్రైల్‌కి వెళ్ళడమే తెలివైన వరస.

తర్వాత ఇంకో వసంతంలో అదే దారిన వెళ్తే ఫైర్ పాపీలు ఒక్కటీ లేవు, పొదలు నడుమెత్తు పెరిగి ఉన్నాయి. కాబట్టి ఇలాంటి నడకకి కార్చిచ్చు తర్వాతి మొదటి వసంతాన్నో రెండోదాన్నో పట్టుకోవాలి, అదీ వానలు పడితే. 2025 జనవరిలో పాలిసేడ్స్ మంటలకి 23,448 ఎకరాలు కాలాయి. అందులో చిక్కుకున్న టొపాంగా స్టేట్ పార్కు కూడా ఇదే జాతి కొండ. వెళ్ళాలనుకుంటే ఏ దారులు తెరిచారో పార్కు సైటులో ముందే చూసుకోండి. మూసిన దారిలోకి దూరొద్దు: వేళ్ళు పట్టని బూడిద మట్టి కాలి కింద జారుతుంది, మొలకలూ నలుగుతాయి. ఇళ్ళు పోయినవాళ్ళ వీధుల్లో కారాపి ఫోటోలు తీయొద్దు. గది మాత్రం సముద్రం వైపు తీసుకోకండి.